గేటు దగ్గరి లెక్క

(అట్లాంటా శివారులో తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పులిహోర, బొబ్బట్లు తిన్న గంటలోపే లెక్కల మాస్టారి చేతికి మైకు ఇచ్చారంటే నిర్వాహకుల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. నిద్ర వస్తే మొహమాటపడకండి. నా ఎదుట నిద్రపోయిన వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో కొందరు మంచి ఇంజనీర్లయ్యారు కూడా. (నవ్వులు)

ఈ రోజు నేను చెప్పబోయేది హైస్కూల్ ఫుట్‌బాల్ గురించి, అందులో ప్రభుత్వ బడులకూ ప్రైవేటు బడులకూ మధ్య నడిచే గొడవ గురించి. మనం ఊళ్లో ఆడిన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతితో ఈ దేశం వాళ్లు ఆడే ఆట. నేను ఇక్కడి ఒక ప్రభుత్వ హైస్కూల్లో స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. శుక్రవారం రాత్రి ఆట ఉంటే స్టేడియంలో గడియారం నడిపేవాణ్ణి. ఒక రాత్రి మా పిల్లలు ఒక ప్రైవేటు పాఠశాల జట్టుతో ఆడారు. రెండో సగం మొదలవగానే రిఫరీ నా బల్ల దగ్గరికి వచ్చి, ఇక గడియారాన్ని ఆపకుండా నడిపించమన్నాడు. ఒక జట్టు చిత్తుగా ఓడిపోతున్నప్పుడు ఆట త్వరగా ముగియడానికి చేసే ఏర్పాటు అది. దయతో చేసేదే, కానీ ఓడుతున్న పిల్లల ముఖాలు చూస్తే అది దయలా అనిపించదు. నా పక్కన నిలబడిన ఒక తండ్రి, “వాళ్లు ఏరుకుంటారు, మనం ఉన్నవాళ్లతో సరిపెట్టుకుంటాం” అన్నాడు. ఆ రాత్రి ఇంటికెళ్లి కాగితం, పెన్సిలు పట్టుకున్నవాణ్ణి, ఇప్పటికీ వదల్లేదు.

ముందుగా, ఈ ఆటలో జట్లను శ్రేణులుగా ఎందుకు విడదీస్తారో చెప్పాలి. మైదానంలో ఒక్కో వైపు 11 మందే ఉంటారు. కానీ ఎంతమందినైనా, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. పెద్ద బడిలో దాడికి 11 మంది, రక్షణకు వేరే 11 మంది, బంతిని తన్నే పనికి ఇంకొందరు, వాళ్ల వెనక వంద మంది దాకా ఉంటారు. చిన్న బడిలో అదే పిల్లవాడు దాడిలోనూ ఉంటాడు, రక్షణలోనూ ఉంటాడు. నాలుగో క్వార్టర్ వచ్చేసరికి వాడి కాళ్లు లేవవు. ఇది ఢీకొనే ఆట. అలసిన పిల్లవాడి మీదికి అప్పుడే నీళ్లు తాగి వచ్చిన వంద కిలోల పిల్లవాడు పరుగెత్తుకొస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. అందుకే బడిలో ఎంతమంది విద్యార్థులున్నారో లెక్కపెట్టి, ఆ సంఖ్యను బట్టి శ్రేణులు కడతారు. టెక్సాస్‌లో 6ఎ నుంచి 1ఎ దాకా ఆరు శ్రేణులు. అట్టడుగున ఉన్న పల్లెటూరి బడులు ఆరుగురితోనే ఆడతాయి, అదో ముచ్చట. ఒహాయోలో ఏడు, ఇల్లినాయిస్‌లో ఎనిమిది. దేశమంతటికీ ఒకే నియమం లేదు, ఏ రాష్ట్ర హైస్కూల్ క్రీడా సంఘం గొడవ ఆ సంఘానిదే.

ఇంతవరకు లెక్క బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఈ సంఖ్య తలల్ని లెక్కపెడుతుంది గానీ ఆ తలలు అక్కడికి ఎలా వచ్చాయో అడగదు. ప్రభుత్వ బడికి ఒక జోన్ ఉంటుంది. ఆ గీత లోపల ఎవరుంటే వాళ్లే వస్తారు. లావుగా ఉన్నవాడు, సన్నగా ఉన్నవాడు, బంతి చూస్తే పారిపోయేవాడు, అందరూ లెక్కలోకే వస్తారు. ప్రైవేటు బడికి గీత లేదు. యాభై మైళ్ల దూరం నుంచి కూడా పిల్లవాడు రావచ్చు. రెండు బడుల్లోనూ 800 మందే ఉండవచ్చు, కానీ అవి రెండు వేర్వేరు ఎనిమిది వందలు.

ఇలా ఏర్చి కూర్చడం వల్ల ఎంత దూరం వెళ్లవచ్చో చూడండి. కాలిఫోర్నియాలో కాంకర్డ్ అనే ఊళ్లో డి లా సాల్ అని మగపిల్లల క్యాథలిక్ హైస్కూల్ ఉంది. 1992 నుంచి 2003 దాకా ఆ జట్టు వరసగా 151 ఆటలు గెలిచింది. నెవాడాలో బిషప్ గోర్మన్ 2009 నుంచి 2018 దాకా వరసగా పదిసార్లు రాష్ట్ర ఛాంపియన్. దక్షిణ కాలిఫోర్నియాలో 2016 నుంచి 2024 దాకా టోర్నీ జరిగిన ప్రతి ఏడాదీ పై డివిజన్ టైటిల్ అయితే మేటర్ డే, కాకపోతే సెయింట్ జాన్ బోస్కో పట్టుకెళ్లాయి. రెండూ క్యాథలిక్ పాఠశాలలే. డి లా సాల్ విషయంలో ఒక మాట న్యాయంగా చెప్పాలి. అక్కడ కోచ్ బాబ్ లాడసూర్ 1979 నుంచి 2012 దాకా ఒకేచోట ఉన్నాడు. ఒక బడి ఒక మనిషిని ముప్పై ఏళ్లకు పైగా నిలబెట్టుకుంటే దాని ఫలితం కూడా అందులో ఉంటుంది. అంతా ఏరుకోవడం వల్లనే అని అంటే ఆ పెద్దమనిషి పడిన కష్టాన్ని తీసిపారేసినట్టవుతుంది. చివరికి 2004లో ఆ జైత్రయాత్రను ఆపింది వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన బెల్‌వ్యూ, అది ప్రభుత్వ హైస్కూల్.

ఇక్కడ నా చిన్ననాటి సంగతి ఒకటి చెబుతాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. తొమ్మిదో తరగతిలో కబడ్డీ జట్టులో ఉన్నాను, నమ్మండి. (నవ్వులు) మండలంలో గెలిచి, ఆ పై పోటీలకు వెళ్లాం. అక్కడ మాకు ఎదురైనది స్పోర్ట్స్ హాస్టల్ జట్టు. వాళ్ల తొడలు చూడగానే మాకు సగం ఆట అయిపోయింది. మేము కూతకు వెళ్తే తిరిగి వచ్చిన వాడు లేడు. ఓడిపోయాక మా డ్రిల్లు మాస్టారు ఏమన్నారంటే, “ఒరే, మీరు ఊరి పిల్లలు, వాళ్లు జిల్లా అంతా జల్లెడ పట్టి తీసిన పిల్లలు.” గమనించండి, ఆ హాస్టల్ ప్రభుత్వానిదే. ఫీజు లేదు, టై లేదు, చర్చి లేదు. మాకూ వాళ్లకూ తేడా ఆ జల్లెడ ఒక్కటే. నలభై ఏళ్ల తరువాత జార్జియాలో ప్రభుత్వ బడులు, ప్రైవేటు బడులు కొట్టుకుంటుంటే నాకు ఆ డ్రిల్లు మాస్టారే గుర్తొచ్చారు. ఇక్కడ కొట్లాట అంతా బడి గేటు మీద ఏ బోర్డు ఉందన్న దాని మీద నడుస్తోంది. నన్నడిగితే చూడవలసింది ఆ గేటులోంచి ఎవరు వస్తున్నారు, వాళ్లను ఎవరు రానిస్తున్నారు అన్నది.

ఇక్కడి సంఘాలు ఏం చేశాయో చూద్దాం. మొదటి ఉపాయం గుణకం. ఇల్లినాయిస్ 2005లో 1.65 పెట్టింది. అంటే మీ బడిలో 600 మంది ఉంటే 990 మంది ఉన్నట్టు లెక్కేసి పై శ్రేణికి పంపుతారు. అలబామా 1.35 పెట్టింది. మిస్సోరి కూడా 1.35 పెట్టి, దాదాపు రెండు దశాబ్దాలు నడిపి, తరువాత ఎత్తేసింది. టెనసీలో 1.8. ఈ అంకెలు ఎలా పుట్టాయని నేను పాత కాగితాలు తిరగేశాను. లెక్కల మాస్టారిగా చెబుతున్నాను, ఇవి సూత్రం నుంచి వచ్చిన అంకెల్లా లేవు, బేరం నుంచి వచ్చిన అంకెల్లా ఉన్నాయి. చేపల బజారులో కూడా బేరం ఇలాగే తెగుతుంది.

గుణకంతో అసలు ఇబ్బంది అందరినీ ఒకే గాటన కట్టడం. నగరం నడిబొడ్డున, పిల్లలు ఏటేటా తగ్గిపోతూ, పైకప్పు బాగుచేయించడానికి విరాళాలు అడుక్కునే చిన్న క్యాథలిక్ బడి ఉంటుంది. శివారులో గోల్ఫ్ మైదానం పక్కన ఏడాదికి వేల డాలర్లు ఫీజు తీసుకునే బడీ ఉంటుంది. ఇద్దరినీ అదే 1.65తో గుణిస్తే మొదటి బడి చచ్చిపోతుంది, రెండోది నవ్వుకుంటుంది. ఇల్లినాయిస్ వాళ్లను ఒక విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. వాళ్ల నియమంలో ప్రైవేటు అన్న మాట లేదు, హద్దులు లేని పాఠశాల అని రాసుకున్నారు. ఊరంతటి నుంచి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ బడి అయినా అందులోకి వస్తుంది. మా డ్రిల్లు మాస్టారు అక్కడ ఉంటే చేతులెత్తి దండం పెట్టేవారు.

రెండో ఉపాయం గెలుపును శిక్షించడం. శిక్ష అనకూడదట, గెలుపు అంశం అనాలట. ఇండియానా 2013 నుంచి దీన్ని నడుపుతోంది. ప్లేఆఫ్స్‌లో మొదటి మెట్టు గెలిస్తే 1 పాయింటు, తరువాతి మెట్లకు 2, 3, రాష్ట్ర టైటిల్‌కు 4. రెండేళ్లలో 6 పాయింట్లు పోగైతే పై శ్రేణికి వెళ్లాలి. ప్రభుత్వమా, ప్రైవేటా అని అడగరు. మొదట విన్నప్పుడు నాకు ఇది చాలా నచ్చింది. తరువాత ఆలోచిస్తే, టైటిల్ గెలిచిన పన్నెండో తరగతి పిల్లలు టోపీలు ఎగరేసి కాలేజీకి వెళ్లిపోతారు. పై శ్రేణిలో తన్నులు తినేది తమ్ముళ్లు. అన్న నెయ్యి తాగితే తమ్ముడికి పథ్యం పెట్టినట్టు.

దీనివల్ల తగలరాని వాళ్లకు దెబ్బ ఎలా తగులుతుందో చెప్పడానికి పెన్సిల్వేనియాలో ఒక ఊరుంది. పిట్స్‌బర్గ్ దగ్గర, ఒహాయో నది ఒడ్డున అలిక్విప్పా. జోన్స్ అండ్ లాఫ్లిన్ ఉక్కు కర్మాగారం నీడలో పెరిగిన ఊరు. ఒకప్పుడు 27 వేల మంది ఉండేవారు. కర్మాగారం పోయింది, దానితో జనమూ పోయారు. 2020 జనగణనకు 9 వేల పైచిలుకు మిగిలారు. ఆ ఊరి ప్రభుత్వ హైస్కూల్ నుంచే మైక్ డిట్కా వచ్చాడు, టై లా వచ్చాడు, డారెల్ రీవిస్ వచ్చాడు. ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఇక్కడ ఉంటే ఆ పేర్లకు లేచి నిలబడతారు. విద్యార్థుల సంఖ్యను బట్టి చూస్తే ఆ బడి అట్టడుగు శ్రేణుల్లో ఉండాలి. కానీ 4ఎలో ఆడుతూ 2021లో, 2023లో రాష్ట్ర టైటిల్ గెలిచింది. పెన్సిల్వేనియాలో సంఘం లెక్క గెలుపు పాయింట్లతో పాటు బయటి నుంచి మారి వచ్చిన ఆటగాళ్ల సంఖ్యను కూడా చూస్తుంది. పెద్ద ప్రైవేటు జట్ల కోసం అల్లిన ఆ వలలో ఈ పేద ఊరి బడి పడింది. 5ఎకి వెళ్లమన్నారు. ఊరివాళ్లు కోర్టుకెక్కారు. మా పిల్లలు తక్కువమంది, ఒక్కొక్కడూ రెండు వైపులా ఆడతాడు, గాయాలవుతాయి అని మొరపెట్టుకున్నారు. 2024లో అక్కడి కౌంటీ న్యాయమూర్తి ఆ మార్పును ఆపాడు, జట్టు 4ఎలోనే ఆడింది. అలాంటి ఊళ్లో ఇళ్లు మారడం పేదరికం వల్ల కూడా జరుగుతుంది. అద్దె కట్టలేక అమ్మమ్మ ఇంటికి వచ్చిన పిల్లవాడూ ఆ పట్టికలో మారి వచ్చిన ఆటగాడే.

కోర్టు అన్నాను కాబట్టి టెనసీ కథ చెప్పకపోతే లోటు. 1997లో బ్రెంట్‌వుడ్ అకాడమీ అనే ప్రైవేటు పాఠశాల కోచ్ కొందరు ఎనిమిదో తరగతి పిల్లలకు ఉత్తరం రాశాడు. వసంతకాలం సాధనకు రండి, రావడం మీకే మంచిది అని. కింద సంతకం “మీ కోచ్”. ఆ పిల్లలు ఇంకా ఆ బడిలో అడుగు పెట్టలేదు! రాష్ట్ర సంఘం జరిమానా వేసింది, రెండేళ్లు ప్లేఆఫ్స్ నుంచి వెలివేసింది. బడి కోర్టుకెళ్లింది. ఆ ఒక్క ఉత్తరం అమెరికా సుప్రీంకోర్టు దాకా రెండుసార్లు వెళ్లింది. 2001లో 5-4 తేడాతో కోర్టు ఏమందంటే, ఈ క్రీడా సంఘం పేరుకు ప్రైవేటు సంస్థే అయినా దాన్ని రాష్ట్ర ప్రభుత్వంలో భాగంగానే చూడాలి, రాజ్యాంగం దానికీ వర్తిస్తుంది. 2007లో మళ్లీ వెళితే, పిల్లల్ని ఇలా పిలుచుకోవడం మీద సంఘం పెట్టిన నిషేధం వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధం కాదంది. పదేళ్ల వ్యాజ్యం. ఉత్తరం అందుకున్న పిల్లలకు ఆ సరికి పెళ్లిళ్లు కూడా అయి ఉంటాయి.

పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన సర్కారు బడి పిల్లవాడి ఇంటికి కార్పొరేట్ కాలేజీల వాళ్లు వచ్చి, ఉచిత సీటు ఇస్తామని కూర్చోవడం మనం చూసినదే. మర్నాడు ఆ ర్యాంకు ఎవరి ప్రకటనలో ఉంటుందో కూడా చూసినదే. టెనసీ గొడవ అర్థం కావడానికి మనకు వేరే పాఠం అక్కరలేదు.

సరే, మన జార్జియా సంగతి. 2000ల మొదట్లో ఇక్కడ ప్రైవేటు బడులకు ఒకటిన్నర రెట్ల గుణకం ఉండేది, తరువాత తీసేశారు. చిన్న శ్రేణిలో ప్రైవేటు బడుల జోరు చూసి దక్షిణ జార్జియా పల్లె బడులు విడిపోతామని హెచ్చరించాయి. దాంతో 2012లో క్లాస్ ఎ అనే ఆ అతి చిన్న శ్రేణిలో ప్రభుత్వ బడులకు, ప్రైవేటు బడులకు వేర్వేరు ప్లేఆఫ్స్ వచ్చాయి. 2022లో మళ్లీ కలిపారు. ఈసారి బడిని మొత్తంగా గుణించడం మానేసి, జోన్ బయటి నుంచి వచ్చిన ఒక్కో విద్యార్థిని ముగ్గురుగా లెక్కపెట్టారు. బల్ల మీద వేసి చూపిస్తాను. 500 మంది ఉన్న బడిలో 200 మంది బయటివాళ్లయితే, లోపలి 300కు 600 కలిపి 900. అదే బడికి అందరూ చుట్టుపక్కల నుంచే వస్తే 500 అలాగే ఉంటుంది. ఇది ప్రభుత్వ బడులకు కూడా వర్తించింది. మన రాష్ట్రంలో కొన్ని చిన్న నగరాలకు కౌంటీతో సంబంధం లేకుండా సొంత విద్యా విభాగాలున్నాయి, వాటిలో కొన్ని ఫీజు కట్టించుకుని బయటి పిల్లల్ని చేర్చుకుంటాయి. వాళ్ల గేటూ లెక్కలోకి వచ్చింది.

ఇన్నేళ్లలో నాకు నచ్చిన నియమం ఇదొక్కటే. మూడు ఎందుకు, రెండు ఎందుకు కాదు అని వాదించవచ్చు, నేనూ వాదిస్తాను. కానీ ఆ గుణకం పడింది సరైన చోట. రెండేళ్లు కూడా నిలకడగా చూడకుండానే వెనక్కి తగ్గారు. 2024 నుంచి కింది మూడు శ్రేణుల ప్రైవేటు బడులకు మళ్లీ వేరే ప్లేఆఫ్స్. ఒకే రాష్ట్రంలో, ఒకే ఏడాది, ఒకే సంఘం కింద రెండు వేర్వేరు కప్పులు. పిల్లలు పీట కోసం కొట్టుకుంటుంటే ఇద్దరికీ చెరో పీట కొనిచ్చిన తల్లిలా ఉంది ఇది. అల్లరి తగ్గుతుంది, కాదనను.

విడదీయడమే మేలనేవాళ్లు టెక్సాస్‌ను చూపిస్తారు. అక్కడ ప్రభుత్వ బడులది యూఐఎల్ అనే సంఘం, ప్రైవేటు బడుల్లో చాలావాటిది వేరే సంఘం. డాలస్‌లో, హ్యూస్టన్‌లో చెరొక క్యాథలిక్ జెస్యూట్ పాఠశాల మాత్రం యూఐఎల్‌లో ఆడతాయి. మరి అక్కడ న్యాయం పొంగి పొర్లుతోందా? డాలస్‌లో మన చుట్టాలు లేనివాళ్లు ఈ గదిలో ఎవరూ ఉండరు. అలెన్ తెలుసు, ఫ్రిస్కో తెలుసు. రెండూ ప్రభుత్వ బడుల ఊళ్లే, రెండూ మన కళ్లముందే పెరిగాయి. అలెన్ వాళ్లు ఊరంతటికీ ఒకే హైస్కూల్ ఉంచుకున్నారు, ఇప్పుడు అందులో అయిదు వేల పైచిలుకు పిల్లలు. 2012లో 6 కోట్ల డాలర్లతో 18 వేల మంది కూర్చునే స్టేడియం కట్టారు. రెండేళ్లకే కాంక్రీటులో పగుళ్లొచ్చి మూసేసి బాగుచేయవలసి వచ్చింది, అది వేరే కథ. 2012, 2013, 2014లో వరసగా రాష్ట్ర టైటిళ్లు గెలిచారు. ఫ్రిస్కో వాళ్లు బడి మరీ పెద్దదైతే పిల్లవాడు గుంపులో కలిసిపోతాడని చెప్పి, ఒక్కోటి రెండు వేల చిల్లర మందితో పన్నెండు హైస్కూళ్లు కట్టారు. ఒకచోట మంచి ఆటగాళ్లంతా ఒకే జట్టు. ఇంకోచోట పన్నెండు జట్లకు పంచుకోవాలి. కానీ బ్యాండు, డిబేటు, నాటకం, ఆట అన్నిట్లో పన్నెండు రెట్లు ఎక్కువమంది పిల్లలకు చోటు దొరికింది. శ్రేణుల పట్టిక చేతికి వచ్చేసరికి అసలు నిర్ణయం ఎప్పుడో స్కూల్ బోర్డు సమావేశంలో జరిగిపోయి ఉంటుంది.

మరో కొలబద్ద గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. మిన్నెసోటా వాళ్లు సంఖ్యను పెంచడం కాదు, తగ్గిస్తారు. ఉచిత భోజనానికో, తక్కువ ధర భోజనానికో అర్హులైన పిల్లల సంఖ్యలో 40 శాతాన్ని మొత్తం లోంచి తీసేసి, మిగిలినదాన్ని బట్టి శ్రేణి కడతారు. సాయంత్రం పనికి వెళ్లే పిల్లవాడు సాధనకు రాలేడు, వేసవి శిబిరానికి డబ్బు కట్టలేడు, కాబట్టి కాగితం మీద ఉన్నంత బలం ఆ బడికి లేదని ఒప్పుకోవడం ఇది. నా చేతికి కలమిస్తే జార్జియా 2022 నియమాన్ని, మిన్నెసోటా తీసివేతను కలిపి రాస్తాను. ఓట్లు పడవని నాకూ తెలుసు. ఒహాయోలో ఇలాంటి మార్పును ప్రిన్సిపాళ్లు మూడేళ్లు వరసగా తిరస్కరించి, నాలుగోసారి 2014లో ఒప్పుకున్నారు. అమలు కావడానికి ఇంకో మూడేళ్లు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ అమ్మగారికి మైకు ఇవ్వండి.

(సభలోంచి ప్రశ్న: “మాస్టారూ, మరి మీరు మీ అబ్బాయిని ఏ బడిలో వేశారు?”)

ఇది వస్తుందని భయపడుతూనే ఉన్నాను. (నవ్వులు) ప్రభుత్వ హైస్కూల్లోనే వేశామమ్మా. అయితే మిగతాది కూడా చెప్పాలి. మేము ఇల్లు కొన్నప్పుడు రోడ్డుకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి చూశాం. కట్టించినవాడు ఒకడే, గదులు అవే, గరాజ్ అదే. ఆ పక్క ఇంటికి నలభై వేల డాలర్లు ఎక్కువ. ఎందుకయ్యా అంటే, ఏజెంటు ఇంటి గురించి ఏమీ చెప్పలేదు, హైస్కూల్ పేరు చెప్పాడు. మా ఆవిడా నేనూ ఆ రాత్రంతా కూర్చుని లెక్కలు వేసుకుని ఆ పక్కదే కొన్నాం. ఈ గదిలో అలా కొననివాళ్లు చేతులెత్తండి చూద్దాం. చూశారా. మనం కట్టినది ఫీజు కాదు, కాబట్టి మనది ప్రభుత్వ బడి. మన పిల్లలు జోన్ లోపలి పిల్లలు, ఒక్కొక్కరూ ఒకటిగానే లెక్క.

(మళ్లీ సభలోంచి: “అబ్బాయి ఫుట్‌బాల్ ఆడాడా?”)

లేదమ్మా. బ్యాండులో ట్రాంబోన్ వాయించాడు. నాలుగేళ్లూ నేను గడియారం దగ్గర, వాడు ఎదుటి మెట్ల మీద. హాఫ్‌టైమ్‌లో వాడి వరస మైదానంలోకి వచ్చినప్పుడు మాత్రం నేను గడియారం వంక చూసేవాణ్ణి కాదు.